డ్రైవింగ్ వచ్చు, ఇంకా బాగా నడపాలంటే ఏం చేయాలి?

"కారు కొని మూడేళ్లయింది. సిటీలో, హైవే మీద ఇబ్బంది లేదు. కానీ ఇంకా బాగా నడపాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడగని నెల లేదు. అడిగే తీరే మారుతుంది. ఒకరికి శ్రీశైలం ఘాట్ అంటే టెన్షన్. ఇంకొకరికి లారీని ఎప్పుడు దాటాలో తేలదు. మరొకరి కారులో వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు గంట తిరగకుండా వాంతులు. ఈ మూడింటికీ మూలం దాదాపు ఒకటే కాబట్టి అందరికీ కలిపి ఒకచోట రాస్తున్నాను.

ఇది లైసెన్సు చేతికొచ్చి, బండి మీద భయం పోయి, నడపడమంటే ఇష్టం మొదలైనవాళ్ల కోసం. స్పీడుగా నడపడం నేర్పమని అడిగేవాళ్లకు మాత్రం ముందే ఒక లెక్క చెప్తాను. 50 కిలోమీటర్ల దూరం 80లో వెళ్తే ముప్పై ఏడున్నర నిమిషాలు, 100లో వెళ్తే 30 నిమిషాలు. మిగిలేది ఏడున్నర నిమిషాలు, అదీ దారి మొత్తం ఖాళీగా ఉంటేనే. యాక్సిలరేటర్ తొక్కడానికి నేర్పు అక్కర్లేదు. రెండు వందల మీటర్ల ముందు జరగబోయేదాన్ని ఇప్పుడే పసిగట్టడం నేర్పు. అది సాధనతో వస్తుంది. నాకూ అలాగే వచ్చింది.

ఏమేం కావాలి

కొత్త కారు అవసరం లేదు. ఇప్పుడున్న కారు చాలు, కానీ టైర్లు బాగుండాలి. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. గాలి ఎంత ఉండాలో అందులో రాసి ఉంటుంది, నిండుగా మనుషులూ సామానూ ఉన్నప్పుడు ఎంతో కూడా. ఆ అంకె ప్రకారం పట్టించండి. టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే రెండు మూడు కిలోమీటర్ల లోపు నడిపినప్పుడే చూడాలి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరు మార్చాల్సిందే. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైందని. గాడి బాగానే ఉన్నా టైరు ఎంత పాతదో అక్కడ తెలిసిపోతుంది.

ఒక ఖాళీ స్థలం కావాలి. ఊరి బయట ప్లాట్లు వేసి ఇంకా ఇళ్లు కట్టని వెంచర్లు ఎన్నో ఉన్నాయి. లోపల తారు రోడ్లు నున్నగా ఉంటాయి, మనుషులు ఉండరు. వాచ్‌మన్‌ని అడిగి, ఆదివారం పొద్దున్నే వెళ్లండి.

పక్కన కూర్చోడానికి ఓపికున్న మనిషి ఒకరు, కాస్త ముగ్గుపిండి, ఒక వెడల్పాటి గిన్నె, ఒక నిమ్మకాయ, ఒక చిన్న నోట్‌బుక్. డ్యాష్‌క్యామ్ (ముందు అద్దం దగ్గర పెట్టి రోడ్డును వీడియో తీసే కెమెరా) ఉంటే ఇంకా మంచిది. వారానికి రెండుసార్లు, గంట చొప్పున, ఆరు వారాలు పెట్టుకోండి.

1. ముందు సీటు, అద్దాలు సరిచేసుకోండి

పది నిమిషాల పని. చాలామంది మూడేళ్లుగా తప్పుగానే కూర్చుంటున్నారు.

క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు (ఆటోమేటిక్ అయితే బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు) మోకాలు ఇంకా కొంచెం వంగి ఉండాలి. భుజాలు సీటుకు ఆని ఉండగానే చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైభాగం మీద ఆనాలి. ఛాతీకి, స్టీరింగ్ మధ్యకు కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోడానికి ఆ చోటు కావాలి. చేతులు గడియారంలో 9, 3 ఉండే చోట పెట్టండి.

సైడ్ అద్దాలు: తలను కుడి కిటికీ అద్దానికి ఆనించి, మీ కారు అంచు లీలగా మాత్రమే కనిపించేలా కుడి అద్దాన్ని బయటికి తిప్పండి. తర్వాత తలను కారు మధ్యకు వంచి, ఎడమ అద్దాన్ని అలాగే సర్దండి. మామూలుగా కూర్చుంటే ఇప్పుడు మీ కారు అద్దాల్లో కనిపించదు. మొదటి రెండు రోజులు వెలితిగా అనిపిస్తుంది, అలవాటవుతుంది.

సరిగ్గా కుదిరిందా అని చూడాలంటే రోడ్డు పక్కన ఆపి, వెనక నుంచి వచ్చే ఒక కారును గమనించండి. అది లోపలి అద్దం నుంచి పోకముందే కుడి అద్దంలోకి రావాలి, కుడి అద్దం నుంచి పోకముందే మీ కంటి కొసకు తగలాలి. మధ్యలో ఎక్కడైనా మాయమైతే అద్దం ఇంకా సర్దాలి. బైకులు ఇంత సర్దినా దాక్కుంటాయి. లేన్ మారేముందు ఒకసారి భుజం మీదుగా చూడటం మానొద్దు.

2. చూసింది చూసినట్టు పైకి చెప్తూ నడపండి

ఈ వ్యాసంలో ఒక్కటే చేసే తీరిక మీకుంటే ఇది చేయండి. లండన్ పోలీసులు 1930లలో హెండన్‌లో డ్రైవింగ్ స్కూలు పెట్టారు. బ్రిటన్ పోలీసు డ్రైవర్లకు ఇచ్చే శిక్షణలో ఇది ఒక ముఖ్యమైన భాగం: నడిపే మనిషి తను ఏం చూస్తున్నాడో, ఏం జరగొచ్చో, తను ఏం చేయబోతున్నాడో నడుపుతూనే గట్టిగా చెప్పాలి. నోరు చెప్పాలంటే కన్ను ముందు వెతకాలి. ఇందులో ఉన్న కిటుకంతా అదే.

మన రోడ్డు మీద అది ఇలా ఉంటుంది:

"ముందు పల్లెవెలుగు బస్సు ఆగింది, దిగినవాళ్లు బస్సు ముందు నుంచి దాటొచ్చు, కాలు బ్రేకు మీదికి. వెనక తెల్ల కారు మరీ దగ్గరగా ఉంది, మెల్లగా తగ్గిస్తున్నా. ఎడమ పక్క వడ్లు ఆరబోశారు, చుట్టూ రాళ్లు పెట్టారు, ఎదురొచ్చే ఆటో వాటిని తప్పించుకుంటూ నా వైపు రావచ్చు. డివైడర్‌కి గండి ఉంది, అక్కడ బైకు ఆగి ఉంది, ముందు చక్రం నా వైపు తిరిగి ఉంది."

మొదట 10 నిమిషాలు, తెలిసిన రోడ్డు మీద, పగటిపూట, ఒక్కరే ఉన్నప్పుడో సాధనకు తోడొచ్చిన మనిషి పక్కన ఉన్నప్పుడో చేయండి. మొదటి రోజు మాటలు వెనకబడతాయి. బస్సు దాటిపోయాక "బస్సు" అంటారు. దానర్థం కళ్లు బానెట్‌కు దగ్గరగా తిరుగుతున్నాయని. చూపును దూరంగా తోయండి: రోడ్డు ఎంత దూరం కనిపిస్తే అంత దూరం, అక్కడి నుంచి వెనక్కి దగ్గరికి, అద్దాలు, మళ్లీ దూరం. అద్దం ఐదు నుంచి ఎనిమిది సెకన్లకొకసారి చూస్తే చాలు.

కంటికి ఏం వెతకాలో నేర్పాలి. మన ప్రాంతంలో నేను వెతికేవి కొన్ని చెప్తాను. రోడ్డు మీద పచ్చి పేడ కనిపిస్తే ముందు గేదెల మంద ఉంది. సాయంత్రం ఐదు దాటితే ఇది మరీ ముఖ్యం. తారు మీద ఎర్రమట్టి చారలు ఉంటే దగ్గర్లో పొలం నుంచి ట్రాక్టర్లు ఎక్కే చోటు ఉంది. రోడ్డు మీద పచ్చి కొమ్మలు, వరసగా రాళ్లు ఉంటే ముందు బండి చెడిపోయి ఆగి ఉంది. ఆగి ఉన్న లారీ కింది సందులోంచి అవతల నడిచేవాళ్ల పాదాలు కనిపిస్తాయి. ఆటో డ్రైవర్ తల ఎటు తిరిగితే ఆటో అటే తిరుగుతుంది, ఇండికేటర్ కోసం చూడొద్దు. కోతల సీజన్లో పల్లె రోడ్డు సగం కల్లమై ఉంటుంది. చీకటి పడ్డాక ఆ ధాన్యం కుప్పల మీద కప్పిన నల్ల టార్పాలిన్ హెడ్‌లైటులో దగ్గరికొచ్చేదాకా కనిపించదు.

ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది. కొందరు చూసినవన్నీ చదువుతారు, బోర్డులు, దుకాణాల పేర్లతో సహా. పనికొచ్చేది "అది ఏం చేయొచ్చు, అప్పుడు నేనేం చేస్తాను" అనే భాగం. "స్కూటర్" అని ఆపేస్తే సగమే చెప్పినట్టు. "స్కూటర్, వెనక్కి చూడట్లేదు, కుడికి రావచ్చు, గ్యాప్ ఇస్తున్నా" అనాలి.

సరిచూసుకోవడం: వారం తర్వాత అదే రోడ్డు మీద డ్యాష్‌క్యామ్ వీడియో పెట్టి, మీరు అన్న మాటకు, అది జరగడానికి మధ్య ఎన్ని సెకన్లున్నాయో చూడండి. మొదటి రోజు ఒకటి కూడా ఉండదు. నాలుగైదు సెకన్లు వస్తే మీరు వేరే డ్రైవర్ అయినట్టే. కెమెరా లేకపోతే నోట్‌బుక్‌లో ఒక్క లెక్క రాయండి: ఈ ప్రయాణంలో "అయ్యో" అనుకుంటూ తొక్కిన బ్రేకులు ఎన్ని?

3. ముందు బండికి మూడు సెకన్ల దూరం

ముందు కారు ఏదైనా కరెంటు స్తంభాన్నో బోర్డునో దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు, వెయ్యిన్నిమూడు" అని లెక్కపెట్టండి. పూర్తికాకుండానే మీరు ఆ స్తంభం దగ్గరికి వచ్చేస్తే దగ్గరగా ఉన్నారు. వానలో ఆరు సెకన్లు. 100లో వెళ్తుంటే ఒక్క సెకనుకు దాదాపు 28 మీటర్లు, 80లో 22, 60లో 17. చూసి బ్రేకు మీదికి కాలు వెళ్లేలోపే ఇంత దూరం పోతుంది.

"అంత గ్యాప్ ఇస్తే అందరూ దూరతారు కదా" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. దూరతారు. దూరిన ప్రతిసారి కాలు కాస్త తీసి మళ్లీ మూడు సెకన్లు చేసుకోండి. ఒక్కొక్కరి వల్ల పోయేది సుమారు మూడు సెకన్లు. విజయవాడ వెళ్లేలోపు ఇరవై మంది దూరినా మీరు కోల్పోయేది ఒక నిమిషం. ఆ ఒక్క నిమిషం ఇచ్చేశాక నాకు హైవే మీద కోపం రావడం తగ్గిపోయింది.

4. గిన్నెలో నిమ్మకాయ

ఒక వెడల్పాటి గిన్నెలో నిమ్మకాయ వేసి, పక్క సీటు ముందు కాళ్ల దగ్గర పెట్టండి. మీ తోడు మనిషి దాన్ని గమనిస్తాడు. మీరు రోడ్డే చూడాలి. బయల్దేరినప్పుడు, గేరు మారినప్పుడు, మలుపులో, ఆగినప్పుడు నిమ్మకాయ మెల్లగా ఒక పక్కకు జరిగి అక్కడే ఆగాలి. ఠక్కున గిన్నె అంచుకు కొట్టుకుంటే ఒక మార్కు పోయినట్టు.

దీనికి మూడు సూత్రాలు చాలు. బ్రేకును మొదట మెల్లగా, మధ్యలో గట్టిగా, చివర మళ్లీ మెల్లగా తొక్కాలి. బండి ఆగబోయే చివరి మీటరులో కాలు కాస్త లేపితే ఆ ఆఖరి కుదుపు ఉండదు. స్టీరింగ్‌ను ఒక్క కదలికలో తిప్పాలి, ముక్కలు ముక్కలుగా సరిచేస్తూ పోకూడదు. మలుపుకు కావాల్సినంత బ్రేకు, గేరు మలుపుకు ముందే అయిపోవాలి.

గేరు దించేటప్పుడు కుదుపు వస్తుంటే, క్లచ్ తొక్కి ఉన్నప్పుడే కొంచెం రేస్ ఇచ్చి, తర్వాత క్లచ్ వదలండి. ఇంజన్ వేగం చక్రాల వేగంతో కలుస్తుంది. ఖాళీ రోడ్డు మీద మూడు నుంచి రెండుకు ఇరవై సార్లు చేస్తే చేతికొస్తుంది.

వెనక సీట్లో వాంతుల సంగతి ఇక్కడే తేలుతుంది. చాలా ఇళ్లలో "మా అమ్మకు కారు పడదు" అంటారు. నిమ్మకాయ కొట్టుకోకుండా నడపడం వచ్చాక అదే అమ్మను ఒకసారి ఎక్కించి చూడండి. అందరికీ పూర్తిగా తగ్గుతుందని చెప్పను, చాలామందికి తేడా తెలుస్తుంది.

5. గట్టి బ్రేకు ఎలా ఉంటుందో ఒకసారి తెలుసుకోండి

పదేళ్లు నడిపినవాళ్లలో కూడా బ్రేకును నిండుగా తొక్కి చూసినవాళ్లు తక్కువ. అవసరం పడిన రోజు కాలు సగంలో ఆగిపోతుంది.

ఇది వెంచర్ రోడ్డు మీద మాత్రమే చేయాలి. ముందు కాలినడకన తిరిగి ఇసుక, కంకర, కుక్కలు లేవని చూసుకోండి. కారులో వదులుగా ఉన్న సామానంతా తీసేయండి, వెనక సీట్లో నీళ్ల సీసా కూడా ఉండకూడదు. సీటు బెల్టులు పెట్టుకోండి. పిల్లలను ఎక్కించుకోవద్దు.

రోడ్డుకు అడ్డంగా ముగ్గుపిండితో గీత వేయండి. 25 కిలోమీటర్ల వేగంతో వచ్చి, ముందు చక్రం గీత దగ్గరికి రాగానే బ్రేకు ఒక్కసారిగా, పూర్తిగా తొక్కండి, క్లచ్ కూడా. ఆగాక గీత నుంచి ఎంత దూరం వచ్చారో అడుగులతో కొలవండి. తర్వాత 40, తర్వాత 50. 25లో ఆగిన దూరానికి 50లో సుమారు నాలుగు రెట్లు వస్తుంది. వేగం రెట్టింపైతే ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలని పుస్తకంలో చదవడం వేరు, సొంత అడుగులతో కొలవడం వేరు.

2019 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లన్నిటికీ మన దేశంలో ఏబీఎస్ (గట్టి బ్రేకులో చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. అది పనిచేసేటప్పుడు పెడల్ పాదం కింద టకటకమని కొట్టుకుంటుంది, చప్పుడు వస్తుంది. అది చూసి జడిసి కాలు తీసేయడం అందరూ చేసే తప్పు. తీయకండి, బండి ఆగేదాకా తొక్కే ఉంచండి. రెండో విడతలో తొక్కి ఉంచే స్టీరింగ్ కొంచెం పక్కకు తిప్పండి, ఒక ఖాళీ అట్టపెట్టెను తప్పించినట్టు. ఏబీఎస్ ఉన్నది ప్రధానంగా ఇందుకే: బ్రేకులో కూడా బండి మీ మాట వింటుంది. పాత కారుకు ఏబీఎస్ లేకపోతే చక్రాలు బిగుసుకుని జారుతుంది. అలా జారగానే కాస్త వదిలి మళ్లీ తొక్కాలి. కంకర మీద మాత్రం ఏబీఎస్ ఉన్నా ఎక్కువ దూరం జారి ఆగుతుంది.

ఐదారు బ్రేకుల తర్వాత రెండు కిలోమీటర్లు మెల్లగా తిప్పి బ్రేకులను చల్లారనివ్వండి.

6. మలుపులో వేగం ఎంత?

బోర్డు చూసో, అంతకుముందు వెళ్లిన అనుభవంతోనో లెక్క వేయొద్దు. మలుపు వైపు చూస్తే రోడ్డు కుడి అంచు, ఎడమ అంచు ఒకచోట కలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఆ చోటునే చూస్తూ ఉండండి. అది మీ దగ్గరికి వచ్చేస్తుంటే మలుపు బిగుస్తోంది, వేగం తగ్గించండి. అది మీతో సమానంగా జరుగుతుంటే వేగం సరిపోయింది. దూరంగా పారిపోతుంటే మలుపు విప్పుకుంటోంది, ఇక మెల్లగా రేస్ ఇవ్వొచ్చు.

కనిపించే దూరంలో ఆగగలిగేంత వేగమే మీ వేగం. ఒకే బండి పట్టే పల్లె రోడ్డు మీద అందులో సగం దూరంలోనే ఆగగలగాలి, ఎందుకంటే ఎదుటివాడికీ అంత చోటు కావాలి.

కుడి మలుపు వస్తుంటే ఎడమ అంచుకు దగ్గరగా ఉంటే ఎక్కువ దూరం కనిపిస్తుంది. ఎడమ మలుపులో మధ్య గీత వైపు జరగాలని విదేశీ పాఠాల్లో ఉంటుంది. మన రోడ్ల మీద ఎదుటి బండి గీత దాటి రావడం మామూలు కాబట్టి నేను అది చేయను, లేన్ మధ్యలోనే ఉండి వేగం తగ్గిస్తాను.

7. లారీని దాటడం

దాటాలనుకున్న లారీకి దగ్గరగా వెళ్లకండి. వెనక్కి తగ్గండి. ఎంత వెనక ఉంటే లారీకి రెండు పక్కలా అంత రోడ్డు కనిపిస్తుంది. ముందు ఎడమ పక్క నుంచి చూడండి, తర్వాత కొంచెం కుడికి జరిగి చూడండి. ఎదుటి దారి ఖాళీ, లారీ ముందు మీరు తిరిగి చేరడానికి చోటు ఉంది, వెనక నుంచి ఎవరూ మిమ్మల్ని దాటట్లేదు, దగ్గర్లో పక్క రోడ్డు లేదు: నాలుగూ కుదిరితే గేరు ముందే దించుకుని, హారన్ కొట్టి, ఆగకుండా దాటేయండి. సగం దాటాక అనుమానం వస్తే బ్రేకు వేసి వెనక్కి రావడంలో సిగ్గు లేదు.

లారీ డ్రైవర్ కుడి ఇండికేటర్ వేస్తే "వెళ్లు" అని కావచ్చు, "రావద్దు, ఎదురుగా బండి ఉంది" అని కావచ్చు, నిజంగా కుడికి తిరుగుతూ ఉండొచ్చు. మూడు అర్థాలున్న సైగను నమ్మి ప్రాణం పెట్టకూడదు. మీ కంటితో చూశాకే వెళ్లండి. నాలుగు లేన్ల హైవేలో లారీ కుడి లేన్ వదలకపోతే ఎడమ నుంచి దాటాల్సి వస్తుంది. రాత్రిపూట ఆ ఎడమ లేన్‌లో లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీ ఆగి ఉండొచ్చు. ఖాళీగా ఉందని కంటికి రూఢి కాకుండా వెళ్లొద్దు.

8. ఘాట్ రోడ్డు

మొదటి ఘాట్‌గా తిరుమల మంచిది. ఎక్కడానికి, దిగడానికి రోడ్లు వేరు కాబట్టి ఎదురుగా బండి రాదు. దిగే రోడ్డు 1944లో మొదలైన పాత ఘాట్, ఎక్కేది 1974 నాటిది. దిగడానికి కనీసం 40 నిమిషాలు, ఎక్కడానికి 28 నిమిషాలు పట్టాలని దేవస్థానం నియమం పెట్టింది. దిగడానికే ఎక్కువ సమయం ఎందుకు పెట్టారో గమనించండి. ఆ తర్వాత మన్ననూరు నుంచి దోమలపెంట మీదుగా శ్రీశైలం వెళ్లండి. అడవి గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది కాబట్టి పగలే వెళ్తారు, అది మేలే. శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు, మారేడుమిల్లి నుంచి చింతూరు, చేయి తిరిగాక.

దిగేటప్పుడు పాత లారీ డ్రైవర్ల మాట ఒకటే గుర్తుంచుకోండి: ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. సాధారణంగా రెండో గేరు, నిటారుగా ఉంటే ఒకటి. ఇంజనే బండిని పట్టుకుంటుంది. వేగం పెరిగితే బ్రేకు గట్టిగా తొక్కి 40 నుంచి 25కు తగ్గించి, పూర్తిగా వదిలేయండి. మళ్లీ పెరిగితే మళ్లీ. కాలు బ్రేకు మీద ఆనించి ఉంచి దిగితే అది చల్లారే వీలే ఉండదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి అలా చేయొద్దు.

మొదటిసారి అరకు నుంచి దిగినప్పుడు నాకిది తెలియదు. కారులో ఐదుగురం, డిక్కీ నిండా సామాను, మూడో గేరు, కాలు బ్రేకు మీదే. కాలిన వాసన వచ్చినప్పుడు ముందు వెళ్లే లారీది అనుకున్నాను. రెండు మలుపుల తర్వాత పెడల్ మెత్తగా లోపలికి పోయింది. రెండో గేరుకు దించి, కొండ పక్కన చోటు చూసి ఆపగలిగాను. ముప్పావుగంట అక్కడే కూర్చున్నాం. ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రయాణం తర్వాతే నేను డ్రైవింగ్‌ను చదువులా నేర్చుకోవడం మొదలుపెట్టాను.

మీకు అలా జరిగితే: గేరు ఒక్కొక్కటిగా దించండి, హజార్డ్ లైట్లు వేయండి, హారన్ కొడుతూ ఉండండి, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగండి. ఆగాక గేరులో ఉంచి చక్రానికి రాయి పెట్టండి. వేడి బ్రేకుల మీద హ్యాండ్ బ్రేకు బిగించి వదిలేయొద్దు, నీళ్లు అసలే పోయొద్దు, డిస్కు వంగిపోవచ్చు, పగలొచ్చు.

ఆటోమేటిక్ కారైతే లివర్‌లో ఎల్, 2 లేదా మాన్యువల్ మోడ్ వెతుక్కోండి. ఇంటి దగ్గరే, ముందే. ఎక్కేటప్పుడు ట్రాఫిక్ ఆగితే యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టొద్దు, బ్రేకు వేసి ఆగండి. ఏఎంటీ (మాన్యువల్ గేర్లనే యంత్రం మార్చే రకం), డ్యుయల్ క్లచ్ కార్లలో అలా నిలబెడితే క్లచ్ వేడెక్కి మొరాయిస్తుంది. ఎలక్ట్రిక్ కారైతే కొండ మీద బ్యాటరీ నిండా చార్జ్ చేసుకుని దిగకండి. నిండిన బ్యాటరీలోకి కరెంటు తిరిగి వెళ్లదు కాబట్టి, కాలు తీయగానే మోటారు కరెంటు తయారుచేస్తూ బండిని పట్టుకునే సాయం తగ్గిపోతుంది.

ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. ఇది చట్టంలో ఉన్న నియమం. హెయిర్‌పిన్ మలుపులో బస్సుకు రోడ్డు మొత్తం కావాలి. పైన బస్సు కనిపిస్తే మలుపులోకి దూరకుండా కిందే ఆగండి. ఎడమ హెయిర్‌పిన్ ఎక్కేటప్పుడు లోపలి వైపు బాగా నిటారుగా ఉంటుంది, మలుపు మొదలవకముందే ఒకటో గేరు వేయాలి. మధ్యలో వేయబోతే బండి ఆగి వెనక్కి జారుతుంది.

సరిచూసుకోవడం: కిందికి దిగాక ఆపి, చక్రాల దగ్గర వాసన చూడండి, ముట్టుకోవద్దు. వాసన లేకపోతే సరిగ్గా దిగారు.

9. రాత్రి, వాన

ముందు అద్దాన్ని లోపలి వైపు కూడా తుడవండి. ఎదుటి లైట్లు చిట్లినట్టు కనిపించడానికి సగం కారణం లోపలి జిడ్డే. ఎదుటివాడు డిప్ చేయకపోతే మీరు కూడా పోటీకి హై బీమ్ వేయొద్దు, చూపును రోడ్డు ఎడమ అంచు గీత మీదికి తిప్పి వేగం తగ్గించండి. నిలిచిన నీళ్లలో స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైతే టైర్లు నీటి మీద తేలుతున్నాయి: కాలు యాక్సిలరేటర్ మీంచి మెల్లగా తీయండి, బ్రేకు తొక్కొద్దు, స్టీరింగ్ తిప్పొద్దు. ఆవులింతలు మొదలైతే ఏ సాధనా పనిచేయదు. వెలుతురున్న బంకులోనో దాబా దగ్గరో ఆపి 20 నిమిషాలు పడుకోండి.

ట్రాక్ మీద నేర్చుకోవాలనుకుంటే

బండి హద్దులు చూడాలనే కోరిక ఉంటే రోడ్డు దానికి చోటు కాదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరు దగ్గర కారి మోటార్ స్పీడ్‌వేలో ట్రాక్‌లు ఉన్నాయి. ట్రాక్ డే (మామూలు డ్రైవర్లను ట్రాక్ మీద నడపనిచ్చే రోజు) ఎప్పుడు పెడుతున్నారో కనుక్కుని వెళ్లండి. సొంత కారు తీసుకెళ్లే ముందు ఇన్సూరెన్స్ కాగితం చదవండి. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌లో జరిగిన నష్టానికి మామూలు పాలసీ వర్తించదు. కొత్త బ్రేకు ఆయిల్ వేయించండి, ఇంటికి తిరిగొచ్చే టైర్లు మిగిలేలా చూసుకోండి.

ఆరో వారం

మొదటి రోజు నడిపిన రోడ్డు మీదే, అదే సమయానికి, అదే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లండి. నోట్‌బుక్‌లో మూడు అంకెలు రాయండి: హఠాత్తుగా తొక్కిన బ్రేకులు, నిమ్మకాయ గిన్నెకు తగిలిన సార్లు, ట్యాంకు మీద వచ్చిన మైలేజీ. మొదటి రెండూ తగ్గాలి, మూడోది కాస్తయినా పెరగాలి. బ్రేకులు తగ్గకపోతే కారణం దాదాపు ఎప్పుడూ చూపే, కాలు కాదు. ఇంకో రెండు వారాలు రెండో మెట్టు ఒక్కటే చేయండి, మళ్లీ పైకి చెప్తూ.